బురదలో ఒక్క చక్రమే ఎందుకు తిరుగుతుంది? లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్‌పై సమగ్ర మార్గదర్శి

శ్రీకాకుళం జిల్లా మందస దగ్గర జీడితోటల దారి ఎండాకాలంలో సిమెంటు గచ్చులా ఉంటుంది, తొలివాన పడగానే సబ్బుబిళ్లలా మారుతుంది. ఆ సంగతి తెలిసీ మృగశిర కార్తెలో పికప్ వ్యాను లోపలికి తీసుకెళ్లాను. పది బస్తాల జీడిగింజలు ఎక్కించుకుని వస్తుండగా ఎడమవైపు వెనుక చక్రం గట్టు పక్కనున్న బోదెలోకి జారింది. కుడి చక్రం మాత్రం గట్టి నేల మీదే ఉంది. యాక్సిలరేటర్ తొక్కితే ఎడమ చక్రం గిర్రున తిరిగి, వెనుక నిలబడి తోస్తున్న ఇద్దరినీ తలనుంచి కాళ్లదాకా బురదతో ముంచింది. కుడి చక్రం బెల్లం కొట్టిన రాయిలా ఉండిపోయింది.

లాగడానికి వచ్చిన ట్రాక్టరు కూడా మొదట జారింది. దాని డ్రైవరు కంగారు పడలేదు. కుడి మడమ దగ్గరున్న చిన్న పెడల్‌ను తొక్కిపట్టాడు. రెండు పెద్ద చక్రాలూ ఒక్కసారే నేలను పట్టుకున్నాయి, నా బండి బయటికి వచ్చింది. తాడు విప్పుతూ, "మీ బండికి ఈ మడమ పెడల్ లేదు బాబూ, అంతే తేడా" అన్నాడు.

అంతే కాదని తర్వాత తెలిసింది. డిఫరెన్షియల్ అంటే ఇంజను బలాన్ని రెండు చక్రాలకూ పంచుతూ, వాటిని వేరువేరు వేగాలతో తిరగనిచ్చే పళ్లచక్రాల అమరిక. ట్రాక్టరులో ఉన్నది డిఫరెన్షియల్ లాక్. డ్రైవరు తొక్కితేనే పనిచేస్తుంది, రెండు చక్రాలనూ పూర్తిగా ఒకటి చేస్తుంది. కార్లలో, జీపుల్లో అదే పనిని కొంతమేరకు తనంతట తానే చేసేది లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్. పొడి అక్షరాల్లో ఎల్‌ఎస్‌డీ అంటారు, మత్తుమందుతో దీనికి సంబంధం లేదు. ఇందులో నాలుగైదు రకాలున్నాయి, ఒక్కో రకాన్ని ఒక్కోలా నడపాలి. మీ బండిలో ఏ రకం ఉందో తెలియకుండా బురదలో దిగితే, ఉన్నది కూడా ఉపయోగపడదు.

మొదటి మెట్టు: మామూలు డిఫరెన్షియల్‌ను అర్థం చేసుకోవడం

ఎడ్లబండికి డిఫరెన్షియల్ అక్కర్లేదు. దాని ఇరుసు కదలదు, చక్రాలు రెండూ దేని దారిన అది తిరుగుతాయి. మలుపులో బయటి చక్రం ఎక్కువ తిరిగితే తిరిగింది, ఎవరికీ ఇబ్బంది లేదు. ఇంజను వచ్చి ఇరుసునే తిప్పడం మొదలుపెట్టాక అసలు చిక్కు వచ్చింది.

కళ్లంలో పశువులను బంతి కట్టి తోలడం, అంటే నూర్పిడికి వాటిని వరుసగా కట్టి రాట చుట్టూ తిప్పడం, చూసినవారికి ఈ చిక్కు వెంటనే తెలుస్తుంది. నడిమి రాట పక్కనున్న ఎద్దు దాదాపు ఉన్నచోటే అడుగులు వేస్తుంది, అంచున ఉన్న ఎద్దు పరుగులాంటి నడక నడుస్తుంది. రెండూ ఒకే వేగంతో నడవాలని పట్టుబడితే బంతి చెదిరిపోతుంది.

బండిలో ఆ తేడా ఎంతో లెక్క కట్టవచ్చు. రెండు వెనుక చక్రాల మధ్య దూరం 1.5 మీటర్లు అనుకుందాం. శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలో ఒక పూర్తి చుట్టు తిరిగితే బయటి చక్రం లోపలి చక్రం కంటే సుమారు 9.4 మీటర్లు ఎక్కువ ప్రయాణిస్తుంది. చుట్టు చిన్నదైనా పెద్దదైనా ఈ అంకె మారదు. చుట్టుకొలత 2.2 మీటర్లున్న జీపు టైరుకైతే అది నాలుగుకు పైగా అదనపు తిరుగుళ్లు. చక్రాలు రెండూ ఒకే కడ్డీకి బిగించి ఉంటే, ఆ నాలుగు తిరుగుళ్లూ టైరు రోడ్డు మీద ఈడ్చుకుపోవాలి, లేదంటే యాక్సిల్ మెలితిరగాలి.

ఈ ఇబ్బందిని తీర్చే పళ్లచక్రాల అమరికకు ఫ్రాన్సులో ఒనెసిఫోర్ పెకర్ 1827లో పేటెంటు పొందాడు. అది ఆవిరి బండి కోసం. ఇప్పటికీ మన బండ్ల కింద గుండ్రంగా కనిపించే ఇనుప దుత్తలో ఉన్నది దాదాపు అదే. షెడ్లలో దీన్ని క్లుప్తంగా "క్రౌన్" అంటారు. ఇంజను బలాన్ని వెనక్కి తెచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ చివరనున్న పినియన్, అంటే చిన్న పళ్లచక్రం, పెద్ద క్రౌన్ వీల్‌ను తిప్పుతుంది. క్రౌన్ వీల్‌కు ఒక గూడు బిగించి ఉంటుంది. ఆ గూడులో అడ్డంగా ఉన్న కడ్డీ మీద రెండో నాలుగో చిన్న పినియన్లు ఉంటాయి. వాటికి రెండు పక్కలా సైడ్ గేర్లు, సైడ్ గేర్లలోకి యాక్సిళ్లు దిగుతాయి. తిన్నగా పోతున్నప్పుడు చిన్న పినియన్లు తమ చుట్టూ తాము తిరగవు, గూడుతో పాటు మొత్తం ఒక ముద్దలా తిరుగుతుంది. మలుపు వచ్చినప్పుడు మాత్రమే అవి తిరిగి, ఒక పక్క తగ్గిన వేగాన్ని రెండో పక్కకు కలుపుతాయి.

రెండో మెట్టు: కావడి లెక్క

దీన్ని అర్థం చేసుకుంటే సగం పని అయినట్టే కాబట్టి ఇక్కడ కాస్త నిలబడదాం.

చిన్న పినియన్ ఒక కావడి బద్ద. దాని నడుమ ఇంజను బలం భుజంలా ఎత్తుతుంది, రెండు చివరలా రెండు సైడ్ గేర్లు కుండల్లా వేలాడుతున్నాయి. కావడికి రెండు వైపులా బరువు సమానంగా ఉండాల్సిందే. ఒకవైపు తాడు తెగితే రెండోవైపు కుండ కూడా నేల మీదకే వస్తుంది. మామూలు డిఫరెన్షియల్ వేగాన్ని ఎంత తేడాగానైనా పంచుతుంది కానీ, బలాన్ని మాత్రం ఎప్పుడూ చెరిసగమే ఇస్తుంది. బురదలోని చక్రం ఎంత బలం పట్టుకోగలదో గట్టి నేల మీది చక్రానికీ అంతే అందుతుంది. ఇంజను ఎంత పెద్దదైనా ఈ లెక్క మారదు.

నా పికప్ సంగతే ఊహాలెక్కగా చూద్దాం. వెనుక ఒక్కో చక్రం మీద 400 కిలోల బరువు. బురదలోని చక్రం ఆ బరువులో పదో వంతు, అంటే 40 కిలోల తోపు మాత్రమే నేలకు ఇవ్వగలదు. గట్టి నేల మీది చక్రం 240 కిలోల దాకా ఇవ్వగలదు. బోదెలోంచి బయటపడాలంటే 150 కిలోల తోపు కావాలి.

మామూలు డిఫరెన్షియల్‌లో ఎడమకు 40, కుడికీ 40, మొత్తం 80. బండి కదలదు. గట్టి నేల మీద ఇంకో 200 కిలోల పట్టు ఖాళీగా పడి ఉన్నా దాన్ని వాడుకునే దారి లేదు. ట్రాక్టరులా పూర్తిగా లాక్ చేస్తే 40, 240 కలిపి 280. బండి నడుచుకుంటూ వచ్చేస్తుంది.

లిమిటెడ్ స్లిప్ ఈ రెంటికీ మధ్య ఉంటుంది. బలహీనమైన చక్రం పట్టుకున్నదానికి ఇన్ని రెట్ల దాకా రెండో చక్రానికి పంపగలను అనేది దాని గుణం. ఆ అంకెను టార్క్ బయాస్ నిష్పత్తి అంటారు. నిష్పత్తి 3 అయితే ఎడమకు 40, కుడికి 120, మొత్తం 160. బండి కష్టం మీద బయటికి వస్తుంది.

ఇక్కడొక మెలిక ఉంది, చాలామంది డబ్బు ఖర్చుపెట్టాక తెలుసుకుంటారు. చక్రం పూర్తిగా గాలిలోకి లేస్తే దాని పట్టు సున్నా. సున్నాను మూడుతో హెచ్చించినా సున్నాయే. అందుకే గేర్లతోనే పనిచేసే ఎల్‌ఎస్‌డీ ఉన్న జీపు కూడా, ఒక చక్రం గోతిలో వేలాడితే, మామూలు జీపులాగే ఆగిపోతుంది. దీనికి విరుగుడు ఉంది, నడపడం గురించి చెప్పేటప్పుడు వస్తుంది.

మూడో మెట్టు: లోపల ఏముంటుంది

క్లచ్ ప్లేట్ల రకం పాత పద్ధతి, విప్పి చూసి నేర్చుకోవడానికి అన్నిటికంటే మంచిది. 1930లలో ఫెర్డినాండ్ పోర్షే రూపొందించిన ఆటో యూనియన్ రేసు కారులో ఇంజను బలం ఎంత ఎక్కువంటే, గంటకు 160 కిలోమీటర్ల వేగంలోనూ ఒక వెనుక చక్రం ఊరికే తిరిగేదట. దాని కోసం జర్మనీలోని జెడ్‌ఎఫ్ సంస్థ పరిమితంగా మాత్రమే జారనిచ్చే డిఫరెన్షియల్‌ను తయారుచేసింది, అయితే అందులో ఉన్నవి పలకలు కావు, జారే పిన్నులు, క్యామ్‌లు.

నేను మొదటిసారి ప్లేట్ల రకాన్ని విప్పి చూసింది సాలూరులో, లారీలు బాగుచేసే షెడ్డులో. మేస్త్రీగారు గూడు బోల్టులు తీసి, లోపలి పలకలను పాత పేపరు మీద వరుసగా పరిచారు. ఒక పలకకు బయటి అంచున చెవులున్నాయి, అవి గూడు గాడుల్లో కూర్చుంటాయి. తర్వాతి పలకకు లోపలి అంచున పళ్లున్నాయి, అవి సైడ్ గేరును పట్టుకుంటాయి. మళ్లీ చెవుల పలక, మళ్లీ పళ్ల పలక. రెండు పలకలను అరచేతుల మధ్య పెట్టి నొక్కుతూ, "ఇప్పుడు తిప్పు బాబూ" అన్నారు. వదులుగా పట్టుకున్నప్పుడు ఒకదాని మీద ఒకటి జారాయి. గట్టిగా నొక్కితే నా వల్ల కాలేదు. లిమిటెడ్ స్లిప్ అంటే ఆయన అరచేతులే.

బండిలో ఆ నొక్కుడు రెండు చోట్లనుంచి వస్తుంది. ఒకటి, లోపల ముందే బిగించిన స్ప్రింగు. దీన్ని ప్రీలోడ్ అంటారు, చక్రం గాలిలో ఉన్నా ఇది కాస్త బలాన్ని అవతలికి పంపుతుంది. రెండోది, ఇంజను బలమే. బలం పెరిగే కొద్దీ అడ్డకడ్డీ వాలుగా చెక్కిన గాడిని ఎక్కి పలకలను ఇంకా గట్టిగా నొక్కుతుంది. ఆ వాలు ఎటువైపు ఉందన్న దాన్ని బట్టి, యాక్సిలరేటర్ తొక్కినప్పుడే బిగిసేవి వన్ వే, వదిలినప్పుడూ అంతే బిగిసేవి టూ వే. రేసులకు వెళ్లేవారికి తప్ప మిగతావారికి ఈ తేడాతో పనిలేదు. మన దగ్గర పాత టాటా సఫారీ స్టార్మ్‌లో లిమిటెడ్ స్లిప్ ఉండేది. ఈ రకానికున్న లోటు ఒక్కటే, పలకలు అరిగిపోతాయి.

అరిగే పలకలు లేని రకం హెలికల్ గేర్లది. టోర్సెన్ అన్న పేరు వినే ఉంటారు. అమెరికాలో వెర్నన్ గ్లీజ్‌మన్ 1958లో పేటెంటు పొందిన ఆలోచన ఇది. మరచుట్టు పళ్లున్న గేర్లను జతలుగా అమర్చుతారు. బలం పడగానే అవి ఒకదాన్ని ఒకటి, గూడు గోడలనూ ఒత్తుకుంటాయి, ఆ ఒత్తిడి రాపిడే లాక్. మెత్తగా పనిచేస్తుంది, స్టీరింగును లాగదు, ఏళ్లకేళ్లు వస్తుంది. సున్నా పట్టు దగ్గర మాత్రం చేతులెత్తేస్తుంది.

మూడోది మన రోడ్ల మీద ఇప్పుడు ఎక్కువగా కనిపించే మెకానికల్ లాకింగ్ డిఫరెన్షియల్. ఈటన్ సంస్థది. మహీంద్రా థార్‌లో కొన్ని మోడళ్లకు, బొలెరో నియోలో ఎన్10 ఆప్షనల్ మోడల్‌కు ఇది వస్తుంది. మామూలప్పుడు ఇది సాధారణ డిఫరెన్షియలే. రెండు చక్రాల వేగాల మధ్య తేడా నిమిషానికి సుమారు 100 తిరుగుళ్లు దాటితే లోపల చిన్న తూనికగుండ్లు విసురుగా బయటికి తెరుచుకుంటాయి, ఒక కొక్కెం తగులుతుంది, వాలు పలక కదిలి క్లచ్ పలకలను పూర్తిగా బిగిస్తుంది. టక్ మని శబ్దం, చిన్న కుదుపు, ఆపైన పూర్తి లాక్. వేగం గంటకు 30 కిలోమీటర్లకు పైబడితే లాక్ కాకుండా ఇంకో ఏర్పాటు అడ్డుకుంటుంది.

ఆ 100 అన్న అంకె ఎందుకని నాకు మొదట అర్థం కాలేదు. లెక్కవేస్తే తెలిసింది. 6 మీటర్ల వ్యాసార్ధంలో, అంటే సందుమలుపులాంటి మలుపులో 20 కిలోమీటర్ల వేగంతో తిప్పినా రెండు చక్రాల తేడా నిమిషానికి 40 తిరుగుళ్లు దాటదు. కాబట్టి మలుపును చూసి ఇది పొరబడదు, చక్రం నిజంగా జారినప్పుడే మేలుకుంటుంది.

నాలుగోది సిలికాన్ ద్రవంలో చిల్లుల పలకలు తిరిగే విస్కస్ రకం. పలకల వేగాల్లో తేడా వస్తే ద్రవం వాటిని పట్టి ఆపుతుంది. నిదానంగా స్పందిస్తుంది, పాతబడితే బాగుచేయడం ఉండదు, మార్చడమే.

ఐదోది నిజానికి డిఫరెన్షియల్ కానే కాదు. ఊరికే తిరుగుతున్న చక్రానికి కంప్యూటరు బ్రేకు వేస్తుంది, కావడికి ఖాళీ అయిన వైపు రాయి కట్టినట్టు. మారుతీ జిమ్నీలో ఉన్న బ్రేక్ ఎల్‌ఎస్‌డీ ఇదే. మన రైతులకు ఇది కొత్త కాదు. ట్రాక్టరుకు ఎడమ కుడి బ్రేకులు వేరువేరుగా ఉంటాయి కాబట్టి, తిరుగుతున్న చక్రం మీద మాత్రమే బ్రేకు నొక్కి బయటపడటం దమ్ము చేసే ప్రతివాడికీ తెలుసు.

నాలుగో మెట్టు: మీ బండిలో ఏముందో తేల్చుకోవడం

ముందు యజమాని పుస్తకం చూడండి. అమ్మినవాడి మాట కాదు, పుస్తకం. ఒకే పేరున్న బండిలో ఒక మోడల్‌కు లాక్ ఉంటుంది, పక్క మోడల్‌కు ఉండదు.

పాత బండి కొంటున్నారు, పుస్తకం లేదు అంటే ఇలా పరీక్షించవచ్చు. చదునైన గట్టి నేల మీద బండి ఆపి, ముందు చక్రాలకు రెండువైపులా రాళ్లు పెట్టండి. వెనుక రెండు చక్రాలనూ జాకీతో లేపి స్టాండ్ల మీద నిలపండి. ఇంజను ఆపి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వదలండి. ఇప్పుడు ఒక చక్రాన్ని చేత్తో తిప్పండి. రెండోది ఎదురు దిశలో తిరిగితే మామూలు డిఫరెన్షియల్. అదే దిశలో తిరిగితే, ప్రీలోడ్ ఉన్న క్లచ్ రకం ఇంకా ప్రాణంతో ఉందని.

అయితే ఈ పరీక్షను గుడ్డిగా నమ్మకూడదు. ఈటన్ రకం నెమ్మదిగా తిప్పితే మామూలుదానిలాగే ఎదురు తిరుగుతుంది. ప్రీలోడ్ లేని హెలికల్ కూడా అంతే. పలకలు అరిగిపోయిన క్లచ్ రకమూ అంతే. ఎదురు తిరిగిందంటే ఎల్‌ఎస్‌డీ లేదని కాదు, చేతి బలానికి మేలుకోలేదని మాత్రమే.

ఒక హెచ్చరిక, దీన్ని రెండుసార్లు చదవండి. ఎల్‌ఎస్‌డీ ఉందని అనుమానమున్న బండికి ఒక్క చక్రాన్నే జాకీ మీద లేపి, ఇంజను వేసి గేరులో పెట్టకూడదు. మామూలు బండిలో లేచిన చక్రమే తిరుగుతుంది. ఎల్‌ఎస్‌డీ బండిలో నేల మీది చక్రానికి బలం వెళ్లి, బండి జాకీ మీదనుంచి దూకుతుంది. కింద మనిషి ఉంటే ఇక చెప్పేదేముంది.

ఐదో మెట్టు: బురదలో, ఇసుకలో నడపడం

బురద కనిపించగానే ఆగి, దిగి, నడిచి చూడండి. ఏ పక్క చక్రం మెత్తటి చోట పడుతుందో ముందే తెలిస్తే సగం ప్రమాదం తప్పుతుంది. ఫోర్‌వీల్ ఉంటే బురదలోకి దిగకముందే వేయాలి, కూరుకున్నాక కాదు. రెండో గేరులో, యాక్సిలరేటర్‌ను కోడిగుడ్డు మీద కాలుపెట్టినట్టు తొక్కుతూ, ఆగకుండా పోవాలి.

చక్రం జారడం మొదలైతే ఏం చేయాలన్నది రకాన్ని బట్టి మారుతుంది.

ఈటన్ రకమైతే చాలామంది చేసే తప్పు, చక్రం జారగానే భయపడి కాలు తీసేయడం. వేగాల తేడా రాకపోతే లాక్ పడదు. చక్రాన్ని ఒక క్షణం తిరగనిచ్చి, టక్ మనగానే యాక్సిలరేటర్‌ను నిలకడగా ఉంచి మెల్లగా బయటికి రావాలి. ఇంజను అరిచేలా తొక్కి లాక్ వేయిస్తే లోపలి పలకలకు, కొక్కేనికి దెబ్బ.

బ్రేక్ ఎల్‌ఎస్‌డీ అయితే కాలును స్థిరంగా ఉంచి రెండు మూడు క్షణాలు ఓపిక పట్టండి. కిందనుంచి గరగర శబ్దాలు వస్తాయి, అది పనిచేస్తున్న శబ్దమే. మాటిమాటికీ వాడితే బ్రేకులు వేడెక్కి, కాపాడుకోవడానికి వ్యవస్థ కాసేపు విరమించుకుంటుంది. అప్పుడు మీరూ దిగి నీడలో కూర్చోవడం మంచిది.

హెలికల్, క్లచ్ రకాలకు హ్యాండ్‌బ్రేక్ ఉపాయం ఉంది. యాక్సిలరేటర్ తొక్కుతూనే హ్యాండ్‌బ్రేక్‌ను రెండు మూడు పళ్లు లాగండి. పాత లెక్కకే వెళ్దాం. బ్రేకు ఒక్కో చక్రాన్ని 30 కిలోల బలంతో పట్టుకుందనుకోండి. జారే చక్రానికి నేల 40, బ్రేకు 30, మొత్తం 70 పట్టు దొరికింది. దానికి మూడింతలు 210 రెండో చక్రానికి వెళుతుంది. అందులో బ్రేకు 30 తినేస్తే నేలకు 180. ఎడమ 40 కలిపితే 220. బ్రేకు వేయకముందు 160. సున్నా పట్టున్న చక్రం విషయంలో ఇంకా వింత, సున్నాగా ఉన్నది 60 అవుతుంది. టోర్సెన్ గేర్లున్న అమెరికా సైన్యపు హంవీ డ్రైవర్లకు బ్రేకు, యాక్సిలరేటర్ కలిపి తొక్కడం శిక్షణలోనే నేర్పుతారు.

ఇదే లెక్కను మామూలు డిఫరెన్షియల్‌కు వేసి చూడండి. జారే చక్రానికి 70, రెండోదానికీ 70, అందులో 30 బ్రేకుకు పోతే 40. మొత్తం మళ్లీ 80. రెండు చక్రాలకూ ఒకేలా పడే హ్యాండ్‌బ్రేక్ మామూలు డిఫరెన్షియల్‌కు పైసా ఉపకారం చేయదు. ఈ ఉపాయాన్ని ప్రతి బండికీ చెప్పే పెద్దలు మన ఊళ్లలో చాలామంది ఉన్నారు, వారితో వాదించడం కంటే తాడు వెతుక్కోవడం త్వరగా అవుతుంది. కొన్ని పాత జీపుల్లో హ్యాండ్‌బ్రేక్ చక్రాల మీద కాకుండా ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద పనిచేస్తుంది, వాటికీ ఇది పనికిరాదు.

కళింగపట్నం, బారువ తీరాల్లో ఇసుక వేరే కథ. అక్కడ రెండు చక్రాలకూ పట్టు సమానంగా తక్కువ, కాబట్టి ఎల్‌ఎస్‌డీ చేసేది కొంచెమే. అసలు మందు టైరు గాలి. 32 పీఎస్‌ఐ ఉన్నదాన్ని 18కి దింపితే టైరు వెడల్పుగా పరుచుకుని తేలుతుంది. రోడ్డెక్కగానే మళ్లీ కొట్టించాలి. శీతాకాలం చివర ఈ తీరాల్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి, ఆ నెలల్లో ఇసుక మీదకు బండి తీసుకెళ్లకండి.

ఘాట్‌లో ఒక మాట

మామూలు బండిలో ఒక చక్రం జారినా రెండోది ఊరికే దొర్లుతూ వెనుక భాగాన్ని పక్కకు పోకుండా నిలబెడుతుంది. ఎల్‌ఎస్‌డీ బండిలో రెండూ కలిసి జారవచ్చు. అప్పుడు వెనుక భాగం రోడ్డు వాలు ఎటుంటే అటు జారుకుంటుంది. సాలూరు దాటాక ఒడిశా వైపు ఎక్కే ఘాట్‌లో, వానలో, మలుపు మధ్యలో యాక్సిలరేటర్ ఒక్కసారిగా తొక్కకండి. మలుపు తిరిగి బండి తిన్నబడ్డాక తొక్కండి.

ఆరో మెట్టు: క్రౌన్ ఆయిల్ మార్చడం

ఎల్‌ఎస్‌డీ ఆయుష్షు దాదాపు మొత్తం ఈ ఆయిల్ మీదే ఉంది. ఎన్ని కిలోమీటర్లకు మార్చాలో పుస్తకం చెబుతుంది. కానీ నాగావళి, వంశధార నదులను చక్రాల హబ్బులు మునిగేలా దాటితే ఆ లెక్క పక్కనపెట్టి వెంటనే చూడాలి. వేడిగా ఉన్న దుత్త చల్లటి నీటిలో పడగానే లోపలి గాలి ముడుచుకుని, సీళ్లలోంచి నీటిని పీల్చుకుంటుంది.

1. పది కిలోమీటర్లు నడిపి ఆయిల్‌ను వేడిచేయండి. చదునైన చోట నిలపండి.

2. ముందు పైనున్న నింపే ప్లగ్గును విప్పండి, కిందిది కాదు. తుప్పుపట్టి పైది రాకపోతే, కిందినుంచి ఆయిల్ అంతా వదిలేశాక నింపే దారి ఉండదు. నేను ఒకసారి ఆ తప్పు చేసి, బండిని మేస్త్రీగారి షెడ్డు దాకా లాగించుకున్నాను.

3. కింది ప్లగ్గు తీసి ఆయిల్‌ను తెల్లటి గిన్నెలోకి వదలండి. కొన్ని బండ్లకు కింది ప్లగ్గు ఉండదు, పంపుతో లాగాలి. ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే నీరు చేరిందని. ప్లగ్గు అయస్కాంతం మీద బూడిదరంగు ముద్ద మామూలే, వేలితో రుద్దితే కాటుకలా పరుచుకుంటుంది. గుచ్చుకునే ముక్కలు తగిలితే దుత్త విప్పించాల్సిందే.

4. కొత్త వాషరుతో కింది ప్లగ్గు బిగించి, పై రంధ్రం అంచుదాకా వచ్చి కారేవరకు నింపండి. హైపాయిడ్ గేర్లకు, అంటే వాలు పళ్ల క్రౌన్ పినియన్ జతకు, జీఎల్-5 ప్రమాణం కావాలి, చిక్కదనం ఎక్కువ బండ్లకు 80డబ్ల్యూ-90. పుస్తకంలో వేరేది ఉంటే అదే వేయండి.

5. క్లచ్ రకానికి ఎల్‌ఎస్‌డీ అని రాసి ఉన్న ఆయిల్ కావాలి, లేదా రాపిడిని సవరించే ఫ్రిక్షన్ మాడిఫయర్ కలపాలి. అది లేకపోతే మలుపుల్లో పలకలు పట్టి విడిచి పట్టి విడిచి గజగజలాడతాయి. ఎక్కువైతే పలకలు జారిపోయి లాక్ పడదు. హెలికల్ రకానికి దీన్ని కలపకూడదు, దాని పని అంతా రాపిడితోనే కాబట్టి.

6. ఖాళీ మైదానంలో ఎనిమిది అంకె ఆకారంలో నెమ్మదిగా పది చుట్లు తిప్పండి. పలకల మధ్యలోకి కొత్త ఆయిల్ చేరుతుంది.

7. దుత్త మీదున్న, లోపలి గాలి వచ్చిపోయే బ్రీదర్ గొట్టాన్ని ఊది చూడండి. మా వైపు ఎర్రమట్టికి అది తరచూ మూసుకుపోతుంది. మూసుకుపోతే లోపలి ఒత్తిడికి ఆయిల్ సీళ్లు కారడం మొదలవుతుంది. సీలు మార్చినా మళ్లీ కారుతోందంటే చాలాసార్లు దోషం ఈ గొట్టానిదే.

ఒకే యాక్సిల్‌కు వేసే రెండు టైర్లూ ఒకే కొలతవి, ఒకే కంపెనీవి, దాదాపు ఒకే అరుగుదలవి ఉండాలి. ఒకటి కొత్తది, ఒకటి గుండు అయితే తిన్నటి రోడ్డు మీద కూడా పలకలు రోజంతా ఒకదానిమీద ఒకటి రుద్దుకుంటూనే ఉంటాయి. స్టెప్నీ కొలత వేరైతే పంక్చర్ షాపు దాకా మాత్రమే నడపండి.

శబ్దాలను బట్టి రోగం

నెమ్మదిగా మలుపు తిప్పేటప్పుడు గజగజ వణికితే ముందు ఆయిల్, మాడిఫయర్ మార్చి చూడండి, ఎక్కువసార్లు అక్కడే తగ్గిపోతుంది. తిన్నగా పోతూ వేగంతో పాటు పెరిగే ఈల శబ్దం ఎల్‌ఎస్‌డీది కాదు, క్రౌన్ పినియన్ జతది లేదా బేరింగులది. ఈటన్ రకంలో బురదలో వినిపించే టక్ శబ్దం మామూలే, పొడి రోడ్డు మీద మలుపుల్లో వినిపిస్తే చూపించాలి. ఏ శబ్దమూ లేకుండా బురదలో ఒక్క చక్రమే తిరగడం మొదలైతే పలకలు అరిగాయని.

బయట కొని బిగించుకోవాలా

గ్యారంటీ ఉన్న బండి జోలికి వెళ్లకండి. పాత జీపుకైతే, యాక్సిల్ చివరి పళ్ల సంఖ్య సరిపోయే గూడు దొరికిందని తేల్చుకున్నాకే డబ్బు ఇవ్వండి. గూడు మార్చినప్పుడల్లా క్రౌన్ వీల్‌ను విప్పి మళ్లీ కూర్చోబెట్టాలి. పళ్ల మధ్య ఉండాల్సిన వదులు మిల్లీమీటరులో పదో వంతు నుంచి ఐదో వంతు మధ్య మాటే. డయల్ గేజీ లేకుండా "చేతికి తెలుస్తుంది" అనే చోట ఈ పని చేయించకండి. పళ్లకు రంగు పూసి తిప్పితే, ఆ రంగు చెరిగిన మచ్చ పన్ను నడుమ పడాలి. మచ్చ కొసకు గానీ మొదలుకు గానీ పోతే కొన్ని వేల కిలోమీటర్లలో ఈల మొదలవుతుంది.

నా పికప్‌కు నేను బిగించలేదు. ఏడాదిలో తోటలోకి వెళ్లేది నాలుగైదు నెలలు, అందులో బురద ఉండేది కొన్ని రోజులు. ఆ డబ్బుతో వెనుక రెండు లోతు గాడుల టైర్లు వేయించాను. సీటు వెనుక ఒక పార, రెండు ఖాళీ గోనెసంచులు, ఒక తాడు ఉంటాయి. కిందటి మృగశిరలో అదే బోదెలో మళ్లీ దిగాను. గోనెసంచులను జారే చక్రం కిందికి తోసి, రెండో గేరులో వచ్చేశాను. ఈసారి వెనుక ఎవరినీ నిలబడనివ్వలేదు.